పంతులుగారి బడి, పంతులుగారి బిడ్డ

మావారు పురపాలక పాఠశాలలో ఉపాధ్యాయులు. పదునాలుగు వత్సరములుగా పరుల బిడ్డలకు అక్షరములు దిద్దించుచున్నారు. అయినను మా పెద్దమ్మాయికి అయిదవయేడు నిండగనే మేము ఆ బడివంక చూడక, పట్టణమున పేరుపడిన ప్రైవేటు ఇంగ్లీషు బడిలో చేర్పించితిమి. టై, బూట్లు, బడి బస్సు చూచి మురిసితిమి. జీతములో పెద్దపాలు ఫీజులకే పోవుచున్నను, బిడ్డ మేలునకే గదా యని సరిపెట్టుకొంటిమి.

గడచిన మాఘమున ఒకనాడు మాకు పూలు తెచ్చు ఆమె గుమ్మమున గంప దించి, "అమ్మగారూ! మా పిల్ల పంతులుగారి తరగతిలోనే చదువుతోందమ్మా. ఎంత బాగా చెబుతారో! మరి మీ పాపనెందుకు అక్కడ వెయ్యలేదు?" అని యడిగినది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుచేతనే మఱింత గుచ్చుకొన్నది. బదులు తోచక, మూర సరిగా నున్నదో లేదో చూచుచున్నట్లు నటించితిమి.

ఆ రాత్రి మావారితో చెప్పితిమి. ఆయన చాలసేపు ఊరకుండి, "మా బడిలో కుళాయి చెడి ఆఱు నెలలైనది. అడుగువారు లేరు. అడుగగల తల్లులందఱు తమ బిడ్డలను వేఱు బడులకు తీసికొనిపోయిరి" అనిరి.

సోదరీమణులారా! 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రభుత్వపు బడికి యాజమాన్య కమిటీ యుండవలెననియు, అందు నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులు, సగముమంది స్త్రీలు ఉండవలెననియు ఆ చట్టమున గలదు. చట్టము మనకు పీట వేసినది. తల్లిగా ఆ పీటపై కూర్చుండవలెనన్న మన బిడ్డ ఆ బడిలో నుండవలెను.

పోతనగారి భాగవతమును ఎన్నిమారులో చదివితిమి. కృష్ణుడును కుచేలుడును సాందీపని యొద్ద కలసి చదివిన కథకు కన్నీరు విడిచితిమి. కాని కుచేలుని ప్రక్కన మా బిడ్డను కూర్చుండబెట్టుటకు మాకు మనసొప్పలేదు.

ఈ జూన్ నెలలో చిన్నవానిని పురపాలక బడిలో చేర్పించితిమి. పెద్దదానిని స్నేహితురాండ్రనుండి విడదీయలేక అచ్చటనే యుంచితిమి. మా బలహీనత యనుడు. కమిటీలో చేరి, పూలామెతో గూడ మునిసిపలు ఆఫీసునకు మూడుమారులు తిరిగితిమి. కుళాయి బాగైనది. మఱుగుదొడ్డికి తలుపు ఇంకను రాలేదు. మీరును మీ యూరి బడికి ఒకమారు పోయి చూడుడు. మేము రేపు మరల ఆఫీసునకు పోవలెను; పూలు అమ్ముడైన వెంటనే ఆమెయు వచ్చెదనన్నది.