సిగ్నల్ పోయిన రోజున పనికొచ్చే చదువు

నరసరావుపేటలో నాది సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు. మా అమ్మాయి మన స్కూల్లోనే ఎనిమిదో తరగతి చదువుతోంది. "మీ వృత్తికి సంబంధించి పిల్లలకు పనికొచ్చే విషయం ఏదైనా రాయండి" అని క్లాస్ టీచర్ గారు అడిగారు. సెల్‌ఫోన్ పనిచేయని రోజు గురించి రాద్దామనిపించింది.

మన చేతిలోని ఫోన్ తనంతట తాను ఎక్కువ దూరం మాట్లాడలేదు. దగ్గర్లోని టవర్ దాకా మాట చేరవేయడమే దాని పని. అక్కడి నుంచి కేబుళ్లు, ఎక్స్‌ఛేంజీలు, ఇంకో టవర్ కలిసి ఆ మాటను అవతలి ఫోన్‌కు అందిస్తాయి. కరెంటు పోతే టవర్‌ను బ్యాటరీలు కొన్ని గంటలు నడుపుతాయి. ఆ తర్వాత డీజిల్ జనరేటర్ కావాలి. డీజిల్ తెచ్చే దారి మునిగిపోతే టవర్ ఆగిపోతుంది. టవర్ బాగానే ఉన్నా, ఇంట్లో కరెంటు లేకపోతే మన ఫోన్‌కు చార్జింగ్ ఉండదు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచింది. ఆ ఒకటి రెండు రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా అక్కావాళ్లు ఉండేది సింగ్‌నగర్‌లోనే. మధ్యాహ్నానికి అక్క ఫోన్ స్విచ్ఛాఫ్ అయింది. గురజాలలో మా అమ్మ రాత్రంతా అదే నంబరు కొడుతూ కూర్చుంది. సోమవారం సాయంత్రం నాకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పడవలో పాలు, నీళ్లు పంచుతున్న ఓ కుర్రాడు. "అన్నా, మీ అక్కావాళ్లు నలుగురూ రెండో అంతస్తులో ఉన్నారు. బాగానే ఉన్నారు. బీపీ మాత్రలు కావాలంట. ఇంకా చాలా ఇళ్లవాళ్లకు చెప్పాలి, పెట్టేస్తున్నా" అన్నాడు. అంతా కలిపి పది సెకన్లు. పేరు అడిగే లోపే పెట్టేశాడు. ఆ మాట విన్నాకే మా అమ్మ అన్నం ముట్టింది.

ఆ కుర్రాడు చేసిన పనిని రేడియో సెట్లతో, సొంత ఖర్చుతో, జీతం లేకుండా చేసేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లను హ్యామ్‌లు అంటారు. ఈ సంగతి మా అమ్మాయికి చెబితే "రేడియో అంటే పాటలు వినేది కదా నాన్నా?" అంది. హ్యామ్ రేడియోలో వినడంతో పాటు మాట్లాడవచ్చు కూడా. ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ప్రతి ఒక్కరికీ బండి నంబరు లాగా ఒక కాల్‌సైన్ ఇస్తారు. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా హ్యామే. ఆయన కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ.

మన దేశంలో మొదటి హ్యామ్ కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్తు. 1921లో ఆయనకు లైసెన్సు వచ్చింది. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం కొత్త లైసెన్సులు ఆపేసి, ఉన్నవాళ్ల సెట్లను స్వాధీనం చేసుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక ఈ అభిరుచి మెల్లగా మళ్లీ పుంజుకుంది.

మన తెలుగువాళ్లకు దీని అవసరం వేరెవరూ చెప్పనక్కర్లేదు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. స్తంభాలు, తీగలు అన్నీ పడిపోయి, లోపలి ఊళ్లలో ఏం జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. 1983లో హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. దాన్ని స్థాపించింది ఎస్. సూరి గారు. యువతకు హ్యామ్ రేడియో నేర్పడం, పరీక్షకు సిద్ధం చేయడం, విపత్తు వచ్చినప్పుడు సెట్లతో వెళ్లడం ఆ సంస్థ చేసే పనులు.

ఆ శిక్షణ విలువ అందరికీ తెలిసింది 2004లో. అండమాన్‌లో 1987 తర్వాత హ్యామ్‌లకు అనుమతి లేదు. చాలా ఏళ్లు పట్టువదలకుండా తిరిగి భారతీ ప్రసాద్ గారు అనుమతి సాధించారు. ఆమె కాల్‌సైన్ వీయూ2ఆర్‌బీఐ. ఆ డిసెంబరులో ఈ సంస్థ బృందంతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి, ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడే కార్యక్రమం మొదలుపెట్టారు. ఒక రకంగా అది సరదా పోటీ లాంటిది. అరుదైన చోటు నుంచి ఎవరు మాట్లాడినా వేలమంది హ్యామ్‌లు వాళ్లను అందుకోవాలని ప్రయత్నిస్తారు.

డిసెంబర్ 26 ఉదయం దాదాపు 6.29కి భూమి కంపించింది. ఆ వెంటే సునామీ. కరెంటు పోయింది, టెలిఫోన్లు మూగబోయాయి. భారతీ గారి బృందం తమ సెట్లను మళ్లీ పనిచేయించి ప్రధాన భూభాగంలోని హ్యామ్‌లను అందుకుంది. అక్కడి నుంచి సరదా ఆగిపోయి సేవ మొదలైంది. ఎవరు క్షేమంగా ఉన్నారు, ఎవరి కోసం ఎవరు వెతుకుతున్నారు, ఎక్కడ ఏం కావాలి అన్న సందేశాలు దీవుల నుంచి ఇటు, ఇక్కడి నుంచి అటు వెళ్లాయి. తర్వాత కార్ నికోబార్‌లో కూడా హ్యామ్ కేంద్రం పెట్టారు.

ఇదంతా పెద్ద పెద్ద యంత్రాలతో సాధ్యమైంది కాదు. మామూలు హ్యామ్ సెట్టు శక్తి వంద వాట్లు, అంటే పాతకాలపు ఫిలమెంట్ బల్బు అంత. కారుకు వాడే 12 వోల్టుల బ్యాటరీ చాలు. 7 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడాలంటే దాదాపు 20 మీటర్ల రాగితీగను రెండు సగాలు చేసి, నడుమ కేబుల్ కలిపి, రెండు చెట్లకు కడితే యాంటెన్నా సిద్ధం. ఆ తరంగాలు పైకి వెళ్లి, వాతావరణం పైపొరలో ఉండే అయనోస్ఫియర్ నుంచి వంగి, వందల వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. మధ్యలో టవర్ అక్కర్లేదు. మన పిల్లల ఫిజిక్స్ పుస్తకంలోని పాఠం బయట పనిచేస్తే ఇలాగే ఉంటుంది.

అయితే సెట్టు కొన్నంత మాత్రాన ఆపదలో అది అక్కరకు రాదు. హ్యామ్‌లు ఏ ఆపదా లేని రోజుల్లో కూడా ఒక నిర్ణీత సమయానికి రేడియోలో కలుస్తారు. దాన్ని 'నెట్' అంటారు. ఒకరు క్లాస్‌లో హాజరు వేసినట్టు కాల్‌సైన్లు పిలుస్తారు, మిగతావాళ్లు పలుకుతారు. ఒకరు మాట్లాడి "ఓవర్" అన్నాకే ఇంకొకరు అందుకోవాలి. ఇద్దరూ ఒకేసారి మీట నొక్కితే ఎవరి మాటా సరిగా వినపడదు. అక్షరాలు తడబడకుండా 'బి'కి బ్రావో, 'డి'కి డెల్టా అంటారు. మన తెలుగులోనే చూడండి, గరగరలో 'ఇరవై' అన్నారో 'అరవై' అన్నారో తేలదు. అందుకే "రెండు, సున్నా" అని అంకెలు విడివిడిగా చెబుతారు. సందేశం అందుకున్నవాళ్లు దాన్ని తిరిగి చదివి వినిపిస్తారు. ఇరవై మందికి పంపాల్సిన మందులు అరవై మందికి వెళ్లకుండా ఆపేది ఈ చిన్న అలవాటే.

మాట తగ్గించి చెప్పడం, అవతలివాళ్లు ముగించేదాకా వినడం, విన్నది సరిచూసుకోవడం. మన పిల్లలకు మార్కుల కంటే ముందు ఇవి కావాలని నా నమ్మకం. పల్నాడులో మరీ కావాలి. ఒకవైపు నాగార్జునసాగర్, ఇంకోవైపు పులిచింతల. 2021 ఆగస్టు 5న పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోతే కింది ఊళ్లను హడావుడిగా అప్రమత్తం చేయాల్సి వచ్చింది. నల్లమల అంచున వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు వెళ్తే మామూలు రోజుల్లోనే సిగ్నల్ పలచబడుతుంది.

పన్నెండేళ్లు నిండిన భారతీయులెవరైనా హ్యామ్ లైసెన్సు పరీక్ష రాయవచ్చు. కేంద్ర టెలికాం శాఖ కింద ఈ పరీక్ష జరుగుతుంది. మొదటి స్థాయికి రేడియో, ఎలక్ట్రానిక్స్ మౌలిక విషయాలు, నిబంధనలు తెలిస్తే చాలు. పైస్థాయికి మోర్స్ కోడ్ కూడా రావాలి. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరమని పిల్లలకు ముందే చెప్పండి. మన స్కూల్ సైన్స్ క్లబ్‌లో ఆసక్తి ఉన్న పిల్లలు పదిమంది తేలితే, సోల్డరింగ్, యాంటెన్నా కట్టడం ఆదివారాలు నేర్పడానికి నేను సిద్ధం.

అప్పటిదాకా ఇంట్లో చేయగలిగినవి మూడున్నాయి. ముఖ్యమైన ఐదు నంబర్లు కాగితం మీద రాసి పిల్లల బ్యాగులో పెట్టండి. ఆపదలో ఇంట్లోవాళ్లంతా క్షేమ సమాచారం చెప్పాల్సిన దూరపు బంధువు ఎవరో ఇప్పుడే అనుకోండి. భోజనాల దగ్గర పిల్లలతో ఒక ఆట ఆడండి: ఎవరు, ఎక్కడ, ఎలా ఉన్నారు, ఏం కావాలి. ఈ నాలుగూ పది సెకన్లలో చెప్పాలి, విన్నవాళ్లు తప్పు లేకుండా తిరిగి చెప్పాలి. మా ఇంట్లో ఇప్పటికి మా అమ్మాయే గెలుస్తోంది.