పెన్షన్ ఇంటిది, రాగి కొట్టుది

చేతిపని మీద బతికేవాళ్లం డబ్బు లెక్క అరవై దాకానే వేస్తాం. అప్పటికి పిల్లలు అందివస్తారు, కొట్టు ఎవరో ఒకరు చూసుకుంటారు, ఆపైన దేవుడున్నాడు అనుకుంటాం. నాకు ఎనభై నిండాయి. మా తాడేపల్లిగూడెంలో నా ఈడు టర్నర్లు, వెల్డర్లు, ఇంజను మెకానిక్కులు చాలామంది మంచి పనివాళ్లని పేరు తెచ్చుకున్నారు. కాని వాళ్లకి చివరి పదేళ్లూ మందుబిళ్లలకి కూడా కొడుకు వైపు చూడాల్సి వచ్చింది. వాళ్ల పనితనంలో గానీ కష్టంలో గానీ లోటు లేదు. కళ్లు, చేతులు మొరాయించాక కూడా ఆయుష్షు మిగిలి ఉంటుందని వాళ్ల లెక్కలో లేదు, అంతే. నా లెక్కలో అది ఉండటానికి కారణం పటాలం.

చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని పెంచుతున్న రోజుల్లో, 1963లో చేరాను. మా పక్కనే మిలటరీ మాధవరం. ఇంటికొక సిపాయిని పంపిన ఊరని దానికి పేరు. కాబట్టి పటాలం వెళ్లడం మా వైపు వింత కాదు. సికింద్రాబాదులో సైన్యం యంత్రాలు బాగుచేసే విభాగమైన ఈఎంఈ సెంటర్లో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ నేర్పారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు షకర్‌గఢ్ సెక్టారులో వర్క్‌షాపు డ్యూటీ. రాత్రిళ్లు టార్పాలిన్ కింద దూరి, టార్చికి గుడ్డ చుట్టి, ఆ మసక వెలుగులో శక్తిమాన్ లారీల డైనమోలు విప్పేవాళ్లం. చలికి వేళ్లు కొంకర్లు పోయి బ్రష్ స్ప్రింగు పట్టు చిక్కేది కాదు. తెల్లారేసరికి బండి కదలాలి, అంతే. తుపాకి పేల్చిన వీరగాథ నా దగ్గర లేదు. నాకు అన్నం పెట్టిన విద్య మాత్రం ఆ టార్పాలిన్ కింద గట్టిపడింది.

1981లో హవల్దారుగా బయటికొచ్చాను. వయసు 36. నెలనెలా వచ్చే పెన్షన్ చిన్నదే. నా జీవితంలో పెద్ద డబ్బు నిర్ణయం అప్పుడే ఎదురైంది. పెన్షన్‌లో కొంత భాగం వదులుకుంటే దాని విలువ ఒకేసారి చేతికిస్తారు. దాన్నే కమ్యుటేషన్ అంటారు. నాతో డిశ్చార్జి అయినవాళ్లలో ఎక్కువమంది ఇచ్చినంతా పుచ్చుకుని ఇల్లు కట్టారు, ఎకరమో అరెకరమో కొన్నారు. అప్పటి పద్ధతిలో అలా వదులుకున్న భాగం తిరిగి రాదు, బతికినంతకాలం కోతే. నేను కొట్టు అడ్వాన్సు, ఎనామెల్డ్ రాగి తీగ, వార్నిష్, పనిముట్లు రాసుకుని, ఆ మొత్తానికి సరిపడా మాత్రమే వదులుకున్నాను. మా నాన్న తొంభై దాటి బతికాడు. ఆయన్ని చూస్తూ పెరిగినవాణ్ని, బతికినంతకాలం అన్న మాటని తేలిగ్గా తీసుకోలేకపోయాను.

తర్వాత 1986లో హెచ్.డి. షౌరీ గారి ‘కామన్ కాజ్’ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, వదులుకున్న భాగాన్ని పదిహేనేళ్లకి తిరిగి ఇవ్వాలని చెప్పింది. 1996లో నాకూ పూర్తి పెన్షన్ వచ్చింది. కాబట్టి మొత్తం పుచ్చుకున్నవాళ్లూ శాశ్వతంగా నష్టపోలేదు. కాని మధ్యలో ఆ పదిహేనేళ్లూ పిల్లల చదువుల కాలం. ఆ కాలంలో ఇంటికి ఎక్కువ పెన్షన్ రావడమే మమ్మల్ని అప్పుకి దూరంగా ఉంచింది. ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న కుర్రాళ్లు అడిగితే ఒకటే చెబుతాను: ఏం కొనాలో కాగితం మీద రాసుకున్నాకే ఎంత కమ్యూట్ చేయాలో తేల్చుకోండి.

కొట్టు మోటారు వైండింగుది. ఎన్టీఆర్ ప్రభుత్వం వ్యవసాయ కరెంటుకి హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలు చేశాక మెట్ట ఊళ్లలో బోర్లు పెరిగిపోయాయి. నల్లజర్ల, ద్వారకా తిరుమల వైపు నుంచి కాలిన మోటార్లు ఎడ్ల బళ్ల మీద, ఆటోల్లో వచ్చేవి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్లు. అర్ధరాత్రి కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి, వోల్టేజి పడిపోయేది. లేకపోతే ఒక ఫేజు పోయి, మిగిలిన రెండింటి మీద మోటారు మూలుగుతూ తిరిగేది. తెల్లారి రైతు వెళ్లేసరికి కాలిన వార్నిష్ కంపు.

కాలిన చుట్టల్ని ఉలితో కోసి, వేడి చేసి లాగుతాం. స్లాటుకి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, తీగ గేజి మైక్రోమీటరుతో కొలిచి పుస్తకంలో రాసుకుంటాం. తీసిన పాత రాగిని రైతు కళ్ల ముందే తూచి, దాని ఖరీదు బిల్లులో తగ్గించడం నా పద్ధతి. ఆ తూకం దగ్గర పెరిగిన నమ్మకమే నా కొట్టుకి బోర్డు. నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ‘మిలట్రీ గారు’నే.

ఈ వ్యాపారాన్ని ముంచేది అరువు. నిమ్మకాయలు అమ్మాకో, జంగారెడ్డిగూడెంలో పొగాకు వేలం డబ్బు వచ్చాకో గాని రైతు చేతిలో రూపాయి ఆడదు. మోటారు కాలిపోయేదేమో ఎండాకాలంలో. అరువు ఇవ్వనంటే గిరాకీ పోతుంది. మొత్తం అరువిస్తే తీగ కొనడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి పరుగెత్తాలి, అంటే ఏడాదికి 36 శాతం. ఆ వడ్డీకి ఎదురీదిన వైండింగు కొట్టుని నేను చూడలేదు. నేను పెట్టుకున్న కట్టుబాటు ఇది: రాగి నగదు, కూలి అరువు. తీగ ఖరీదు ఆ రోజు రేటుకి ముందే ఇవ్వాలి. నా చేతి కష్టం పంట డబ్బు వచ్చాక ఇచ్చినా సరే. 2003 నుంచి 2006 లోపు రాగి ధర మూడు నాలుగు రెట్లు ఎగబాకినప్పుడు, పాత రేటు మీద తీగ అరువిచ్చిన కొట్లు మా వీధిలోనే మూతపడ్డాయి. నాకు సరుకు మళ్లీ కొనుక్కునే నగదు ఎప్పుడూ చేతిలో ఉంది.

కూలికి అన్నాళ్లు ఎలా ఆగగలిగానంటే, ఇంటి ఖర్చు కొట్టు మీద లేదు. పెన్షన్ పాస్‌బుక్కు మా ఆవిడ దగ్గర, కొట్టు ఖాతా నా దగ్గర. బియ్యం, ఫీజులు, అద్దె అన్నీ పెన్షన్‌లోంచే. అది చాలని నెల కొట్టు లాభంలోంచి ఇంటికి ఇచ్చాను గాని, పెన్షన్‌ని మాత్రం కొట్టులోకి రానివ్వలేదు. ఒకసారి పెన్షన్ డబ్బుతో రెండో వైండింగు మెషీను కొందామని నేనే అడిగితే ఆవిడ, “ఏమండీ, కొట్టు దాని కాళ్ల మీద నిలబడి కొనుక్కోవాలి” అంది. ఏడాది ఆగి కొన్నాం. ఆ మాటకి ఇవాళ్టికీ చేతులెత్తి దణ్ణం పెడతాను.

మిగులు తపాలా ఆఫీసుకి వెళ్లేది. 1986లో ఇందిరా వికాస్ పత్రాలు ఐదేళ్లలో రెట్టింపు అని వచ్చాయి. వాటి మీద పేరుండదు, పోతే పోయినట్టే. అందుకని పేరుండే జాతీయ పొదుపు పత్రాలే కొన్నాను. 2004లో సీనియర్ సిటిజన్ స్కీము వచ్చింది. మామూలు పౌరులకి అరవై, సైన్యంలో చేసి దిగినవాళ్లకి ఇప్పుడు యాభై నిండితే చాలు. మన మాజీ సైనికుల్లో ఈ సంగతి తెలియనివాళ్లు చాలామంది. మూణ్నెల్లకోసారి వడ్డీ చేతికొస్తుంది. తొంభైల్లో బ్యాంకు డిపాజిట్లకి పన్నెండు శాతం పైన చూసిన నాకు, వడ్డీ మీదే ఆధారపడితే ఏమవుతుందో తర్వాత అర్థమైంది. వడ్డీ రేటు సగానికి పడుతుంది, కూరగాయలు పడవు. పెన్షన్‌కి మాత్రం ధరలతోబాటు కరువు భృతి పెరుగుతుంది. ఒకే ర్యాంకుకి ఒకే పెన్షన్ 2014 జూలై నుంచి అమలయ్యాక మరికొంత పెరిగింది. 2003లో మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ మొదలవగానే, నెలకొచ్చే చిన్న వైద్య భత్యం వదులుకుని సభ్యులమయ్యాం. ఆవిడ షుగరుకి, నా కంటి ఆపరేషన్లకి ఆ నిర్ణయమే కాపు కాసింది.

డెబ్భైకి దగ్గరపడుతుంటే సన్న తీగ చుట్లు లెక్క తప్పడం మొదలైంది. కొట్టు అమ్మలేదు. నా దగ్గర చిన్నప్పుడు చేరి పని నేర్చిన కుర్రాడికే మెషీన్లతో సహా నెల అద్దెకిచ్చాను. ఒకేసారి వచ్చే మొత్తం పిల్లల అవసరాల మధ్య కరిగిపోయేది. అద్దె మాత్రం ఇప్పటికీ వస్తోంది.

1971 గెలుపు గుర్తుగా డిసెంబరు 16 విజయ్ దివస్. ఆ మర్నాడు పెన్షనర్ల దినం. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ సర్కారు దయ కాదు, హక్కు అని తీర్పిచ్చింది. ఆ రెండు రోజులూ నాకు ఒకే పండగ.

ఎనభై నిండిన నెల నుంచి మూల పెన్షన్ మీద 20 శాతం అదనం. ఎనభై ఐదుకి 30, తొంభైకి 40. అడక్కుండా రావాలంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు పీపీఓలో పుట్టిన తేదీ సరిగా ఉండాలి. మా కాలంలో తేదీ లేకుండా కాగితాలు రాసిన సందర్భాలున్నాయి. అంతకంటే ముఖ్యం భార్య పేరు. నా పీపీఓలో ఆవిడ పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటే, రక్షణ పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌లో రెండూ కలిసేదాకా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరిగి సరిచేయించాను. నా తర్వాత ఆవిడకొచ్చే కుటుంబ పెన్షన్ నాకొచ్చేదానిలో ఇంచుమించు అరవై శాతమే. ఆ తరుగు ఎంతో లెక్క కట్టి, దానికి సరిపడా వడ్డీ వచ్చేలా సీనియర్ సిటిజన్ ఖాతా ఆవిడ పేరనే తెరిచాం. ఆవిడ నాకంటే ఆరేళ్లు చిన్న. ఆవిడ పుట్టిన తేదీ కూడా రికార్డులో ఎక్కించాం.