ఎల్.ఐ.జి. ఇంటిమీద మూడంతస్తులు

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళే రహదారిమీద, ఊరికి వాయవ్యంగా కూకట్‌పల్లి ఉన్నది. ఒకప్పుడు పల్లె, తరువాత వేరే మునిసిపాలిటీ, 2007లో మహానగరంలో కలిసిపోయింది. అక్కడి హౌసింగ్ బోర్డు కాలనీని జనం నాలుగక్షరాలకు కుదించి కె.పి.హెచ్.బి. అంటారు. 2017 నవంబరులో మెట్రో వచ్చాక చేరుకోవడం సుళువయింది. స్టేషను మెట్లు దిగగానే చెట్లకూ, స్తంభాలకూ, గోడలకూ టులెట్ కాగితాలే స్వాగతం చెబుతాయి.

ఇక్కడి ఇంటి నంబర్లు చదివి తీరవలసినవి. ఒక గేటుమీద ఇ.డబ్ల్యు.ఎస్., మరొక దానిమీద ఎల్.ఐ.జి., ఆ పై వీధిలో ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. కాలనీ కట్టించిన 1980 దశకంలో, కొనేవారి రాబడినిబట్టి హౌసింగ్ బోర్డువారు వేసిన తరగతులివి. గుమాస్తాలు, బడిపంతుళ్ళు, ఫ్యాక్టరీ పనివారు వాయిదాలు కట్టుకుని సొంతం చేసుకున్నారు. ఇప్పుడా గుమాస్తా కొడుకు అమెరికాలో ఉండవచ్చు, ఇంటిమీద మూడంతస్తులు లేచి ఉండవచ్చు. చిరునామాలో మాత్రం ఆయన నేటికీ తక్కువ రాబడివాడే!

అద్దె బాధ వదిలించుకోవడానికి కొన్న ఇల్లు, చివరకు అద్దెకోసమే పెరిగింది. 1998లో పక్కనే సైబర్ టవర్స్ వెలిసింది. ఉద్యోగాలకు పిల్లలు వచ్చిపడ్డారు. యజమాని ఒక అంతస్తు వేశాడు. పొరుగాయన రెండు వేశాడు. ఈయన మూడోది లేపాడు. మెట్లు బయటి గోడనానుకుని, ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఆగవలసినంత ఇరుకు. యజమానులు చాలామంది కింది భాగంలోనే ఉన్నారు. గాలీ వెలుతురూ అద్దెవారికి, మధ్యాహ్నం పన్నెండింటికి దీపం వేసుకోవడం సొంతదారుకు!

మనం వాటా అనేదాన్ని అక్కడ పోర్షన్ అంటారు. మా మేనల్లుడి కోసం ఒక పోర్షన్ చూద్దామని ఏడెనిమిది గడపలు ఎక్కాను. "ఫ్యామిలీయేనా?" అన్నది మొదటి ప్రశ్న. బ్రహ్మచారి అనగానే సగం తలుపులు మూతబడ్డాయి. తక్కిన చోట్ల, మాంసం వండుతారా, చుట్టాలు వస్తారా, "మీరేమిట్లు?" అని. ఈ చివరి ప్రశ్న అడగడానికి మనవాళ్ళకు ఇప్పటికీ సిగ్గులేదు. అడ్వాన్సు మాత్రం రెండు నెలలదే. బెంగుళూరులో పది నెలల అద్దె ముందే పెట్టమనడం వాడుక. కాగితం పదకొండు నెలలకే రాస్తారు. ఏడాది దాటే కౌలును రిజిస్టరు చేయించాలన్నది 1908 నాటి చట్టంలో మొదట ఉన్న మాట. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఈ ఉపాయం. పన్నెండో నెలలో అద్దె పెంచుకోవడానికీ అదే వీలు.

ఒక మేడమీద కాకినాడ దంపతులు కాఫీ ఇచ్చారు. వారికి అమీన్‌పూర్ వైపు సొంత ఫ్లాటున్నది. దాన్ని అద్దెకిచ్చి, పిల్లల బడి దగ్గరని ఇక్కడ అద్దెకుంటున్నారు. "ఒకటో తారీఖున మా అద్దె రాకపోతే, వీరికి మా అద్దె వెళ్ళదండీ," అన్నది ఆ ఇల్లాలు నవ్వుతూ. యజమానా, అద్దెదారా అని వీరిని ఏ లెక్కలో వేస్తారు?

ఆ కింది భాగంలో ఉండే పెద్దావిడ బడిపంతులుగారి భార్య. ఆయన పోయి చాలాకాలమయింది. మొదటి అంతస్తు అద్దె ఇంటిఖర్చుకు, రెండోది మందులకు, మూడోది దాన్ని కట్టడానికి తెచ్చిన బ్యాంకు అప్పుకు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కంపెనీలు ఇంటినుంచే పని చేయమనడంతో పిల్లలంతా ఊళ్ళకు వెళ్ళిపోయారు. హాస్టళ్ళు ఖాళీ. ఈవిడ పై రెండంతస్తులూ ఖాళీ.

"బ్యాంకువారు వాయిదాకు కొన్నాళ్ళు గడువిచ్చారు గాని, వడ్డీకి ఇవ్వలేదు బాబూ. గాజులు పెట్టాను. పైన ఒక పిల్ల, నెల్లూరు అమ్మాయి, సామానంతా వదిలి వెళ్ళింది. ఆ గదికి తాళం వేసి ఎనిమిది నెలలు అలాగే ఉంచాను."

"అద్దె పంపిందా అమ్మా?"

"సగం పంపింది. తండ్రికి పనిలేదట. మిగతాది నేనూ అడగలేదు."

ఇప్పుడు మూడు పోర్షన్లూ నిండే ఉన్నాయి. టులెట్ బోర్డు మాత్రం తలుపు వెనకే మేకుకు వేలాడుతున్నది. తీసెయ్యలేదేమని అడిగాను.

"ఎందుకులే బాబూ, మళ్ళీ రాయించాలంటే డబ్బులు," అంటూ దాని దుమ్ము కొంగుతో తుడిచింది.