కంభం చెరువుకు ఏ పడవ?

కనుచూపు మేరా నీళ్లు, చుట్టూ కొండలు... తొలిసారి చూసినవాళ్లు సముద్రమేమో అనుకుంటారు. మార్కాపురం, గిద్దలూరుల మధ్య ఉన్న కంభం చెరువు అది. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల్ని కలుపుతూ కట్ట వేశారు. వరదరాజమ్మ కట్టించిందని స్థానికులు చెప్పుకుంటారు. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా దీనికి గుర్తింపు దక్కింది.

ఇంత నీరు చూశాక గాలం వేయాలనిపించడం సహజం. మరి ఏ పడవ ఎక్కాలి?

అది పట్టాలనుకునే చేపను బట్టి ఉంటుంది. కొర్రమీను గట్టు పక్కన నాచులో దాక్కుంటుంది. అక్కడికి పుట్టే మేలు. వెదురు అల్లికకు పట్టా కట్టి తారు పూసిన ఈ గుండ్రటి పడవ జానెడు నీళ్లలోనూ తేలుతుంది. ఒక్కడే తలమీద మోసుకుపోవచ్చు. కానీ గాలి వీస్తే గిర్రున తిరుగుతుంది. బొచ్చె, శీలావతి కోసం లోతుకు వెళ్లాలంటే అడుగు వెడల్పుగా ఉన్న ఫైబర్‌ పడవ నయం. అటూ ఇటూ కదిలినా తేలిగ్గా ఒరగదు. థర్మాకోల్‌ తెప్ప చవకే గానీ, అలవాటు లేనివాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. ఏది ఎక్కినా లైఫ్‌ జాకెట్‌ తప్పనిసరి. చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకార సంఘాలది కాబట్టి ముందుగా వాళ్లను అడగాలి.

గుంటూరు-గుంతకల్లు రైలు మార్గంలో కంభం స్టేషన్‌ ఉంది. వానలు పడి చెరువు నిండాక వెళ్తే కళ్లపండుగే.

అవి ముఖం చాటేస్తే మాత్రం నీరు అడుగంటుతుంది. సరదాకు వచ్చేవాళ్లు మరో చెరువు వెతుక్కుంటారు. వల మీదే బతికేవాళ్లు పుట్టిని గట్టున బోర్లించి కూలికి పోవాల్సిందే.