ఈ వారం వంట ఎవరిది?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మఠకన్యలంటే బడి నడిపే సిస్టర్లు, ఆసుపత్రిలో పనిచేసే సిస్టర్లు. 1976లో ఏర్పడ్డ నల్గొండ మేత్రాసనంలో నేను వాళ్లని చూస్తూనే పెరిగాను. ఇల్లూ ఉద్యోగం వదలకుండానే ఒక మఠం ప్రార్థనా జీవితంతో ముడిపడే దారి కూడా ఉంది. అలా చేరే గృహస్థులని బెనెడిక్టు మఠాలు ఒబ్లేట్లు అంటాయి. నాకు చేరాలని ఉంది. ఏ మఠంలో అన్నదే ప్రశ్న.

నిజమైన మఠానికి చట్టం చెప్పే గుర్తు ఒకటుంది. 1983 నాటి కతోలిక చర్చి చట్టం ప్రకారం సన్యాస సభలు ఎక్కడ మఠం పెట్టాలన్నా స్థానిక మేత్రాణుల రాతపూర్వక అనుమతి ఉండాలి. అది అడిగి తెలుసుకోవచ్చు. కానీ ఆ సంతకం ఒక్కటే సరిపోతుందా? ఆడవాళ్లం కదా, మన చూపు వంటగది వైపు పోతుంది.

ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్టు రాసిన నియమావళిలో నన్ను ఆపేసినది 35వ అధ్యాయం. వంట, వడ్డన అందరూ వారం వంతున చెయ్యాలి. జబ్బుపడ్డవాళ్లకీ మఠానికి సంబంధించిన ముఖ్యమైన పనిలో ఉన్నవాళ్లకీ తప్ప మినహాయింపు లేదు. బానిసత్వం నుంచి వచ్చినవాడి కంటే స్వేచ్ఛగా పుట్టినవాణ్ణి పుట్టుక చూసి ముందు నిలపకూడదని రెండో అధ్యాయం చెబుతుంది. ఎవరు ముందు చేరితే వాళ్లే ముందు వరసలో ఉంటారని 63వ అధ్యాయం.

ఇక్కడ కూర్చుని చదివితే బానిస అన్నచోట కులం వినబడుతుంది. చర్చిలో దళితుల పట్ల వివక్ష ఉందని భారత కతోలిక పీఠాధిపతులే 2016లో ప్రకటించిన దళిత సాధికారత విధానంలో ఒప్పుకున్నారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్ అనే దళిత క్రైస్తవ యువకుణ్ణి, కులాంతర వివాహం చేసుకున్నందుకు, గర్భవతి అయిన భార్య కళ్లముందే చంపారు. ఈ ప్రాంతపు మనిషిని, కులం సంగతి అడగకుండా ప్రార్థన సంగతే ఎలా అడగను?

అందుకే ఏ మఠానికి వెళ్లినా నేను అడిగేవి ఇవి. ఈ వారం వంట ఎవరిది? అంట్లు తోమే ఆమె కీర్తనల వేళ ఎక్కడ కూర్చుంటుంది? మదర్‌ని ఎన్నుకునే ఓటు ఎవరెవరికి ఉంది? దళిత సిస్టర్ ఎవరైనా ఆ కుర్చీలో కూర్చున్నారా? మేమిచ్చే డబ్బుకి లెక్క ఎవరు చెబుతారు? వద్దనుకుంటే వెళ్లిపోవచ్చా?

చివరిదానికి నియమావళిలోనే జవాబుంది. కొత్తగా వచ్చినవాళ్లకి ఏడాదిలో మూడుసార్లు నియమాలు చదివి వినిపించి, ఉంటారో వెళతారో తేల్చుకోమంటుంది. తొందరపెట్టే చోట నేను చేరను. నాకూ వంటలో ఒక వంతు ఇచ్చే మఠం దొరికితే, ముందు కొన్నాళ్లు అక్కడ ఉండి చూస్తాను.