యథాస్థితి విక్రయం – సత్యధర్మం

సత్యమంటే ఉన్నదానిని ఉన్నట్లు చెప్పడమని సామాన్య నిర్వచనం. అయితే "ఉన్నది ఉన్నట్లు" అన్న మాటే అసత్యానికి ఆవరణం కాగలదా? ఒక క్రయవ్యవహారం నన్ను ఈ విచారణకు పురికొల్పింది.

గౌతమీ తీరాన, కోటిపల్లికి ఆవలి ఒడ్డున, క్షణముక్తేశ్వరుడు వెలసిన ముక్తేశ్వరంలో అద్దె ఆదాయం నిమిత్తం ఒక పాత మండువా ఇల్లు కొన్నాను. "యథాస్థితిలో విక్రయించడమైనది" అని దస్తావేజులో ఉన్నది. హక్కుపత్రాలు నిర్దుష్టం. గోడలకు కొత్త సున్నం, దూలాలకు కొత్త రంగు. తొలి వర్షాకాలంలోనే ఒక దూలం కుంగింది. వడ్రంగి ఉలితో పొడిచి చూడగా, నాలుగు దూలాలలో రంగుపొర క్రింద మిగిలినది చెదమట్టి మాత్రమే.

యాజ్ఞవల్క్యస్మృతి కొన్న వస్తువు పరీక్షకు గడువులు విధించింది: ఇనుముకు ఒక దినం, పాడిపశువుకు మూడు, బరువు మోసే పశువుకు ఐదు, రత్నానికి ఏడు, విత్తనాలకు పది. ఏ వస్తువు దోషమైనా తన కాలంలోనే వ్యక్తమవుతుందన్న వివేకం ఇందులో కనిపిస్తుంది. ఇంటికి పరీక్షాకాలం వానకారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కూడా, విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు, తాను ఎరిగినదీ కొనేవాడు సాధారణ శ్రద్ధతో కనుగొనలేనిదీ అయిన ముఖ్యదోషాన్ని అమ్మేవాడు తెలపాలని శాసిస్తుంది.

యోగసూత్రాలకు వ్యాసభాష్యం మరింత లోతుకు వెళ్తుంది. మన ఎరుకను ఎదుటివానికి అందించడమే వాక్కు ప్రయోజనం. అది వంచించేదిగానీ, భ్రాంతి కలిగించేదిగానీ, బోధ కలిగించనిదిగానీ కారాదని భాష్యాభిప్రాయం. ఈ ప్రమాణంతో చూస్తే దస్తావేజులోని ఆ వాక్యంలో అబద్ధం లేదు. కానీ "స్థితి" అన్నది అమ్మేవానికి చెద, కొనేవానికి రంగు. వాక్యం ఒక్కటే, అర్థాలు రెండు. కనుక అది సత్యం కాజాలదు.

ఇక్కడితో విచారణ ముగియలేదు. మరుసటి ఏడు ఒక విశ్రాంత ఉద్యోగి ఆ ఇంటిని నేను పెట్టినదానికన్నా అధిక మూల్యానికి అడిగారు. "అదే వాక్యం వ్రాయండి, అదే రంగు వేయించండి" అన్నాడు మధ్యవర్తి. అప్పటివరకు ఆ దోషం నేను భరించిన నష్టం మాత్రమే. ఆ క్షణాన అది నా ధర్మమైంది. ఎరిగినవాడే చెప్పవలసినవాడు గదా! వారికి ఉలి ఇచ్చి, ఆ నాలుగు దూలాలనూ చూపించాను. వారు మూల్యం తగ్గించారు, నష్టానికే అమ్మాను. ఈ దస్తావేజులోనూ "యథాస్థితి" అన్న పదమున్నది. దాని క్రింద నాలుగు దూలాల వివరమూ ఉన్నది.