కుట్టు లేకపోతే సరేనా?

జాకెట్లు కుట్టే ఆడవాళ్ళ పని 'ఖాళీ టైములో' చేసేదిగానే లెక్క. అదే సూదీ దారం ఆపరేషన్ థియేటర్లోకి వెళ్తే మహా విద్య అవుతుంది. ఇప్పుడు ఆ సూదీ దారాన్నే పక్కకు పెట్టి, లేజర్ కాంతితో కణజాలాన్ని అతికించాలని దశాబ్దాలుగా ప్రయోగాలు జరుగుతున్నాయి. వాటి గురించి చదువుతుంటే నాకు వంటిల్లే గుర్తొచ్చింది. కోసిన అంచులకు ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పూస్తారు. అందులో కలిపిన ఇండోసయనైన్ గ్రీన్ అనే రంగు, 800 నానోమీటర్ల దగ్గరి కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక, తెల్లసొన గట్టిపడినట్టే, ప్రొటీన్లు ఒకదానికొకటి అల్లుకుంటాయి. వేడి చాలకపోతే అతకదు, ఎక్కువైతే మాడుతుంది. చిన్న రంధ్రాల గుండా, రోబో చేతులతో కుట్లు వేయడం చాలా సమయం పట్టే పని కాబట్టి అక్కడ ఇది పనికొస్తుందని ఆశ.

ఆ ఆశ నాకూ ఉంది. కానీ మా అక్కకు గర్భసంచి తీసేయాలన్నప్పుడు డాక్టరు ఎక్కువగా మాట్లాడింది గాట్ల గురించే. "రోబోతో చేస్తాం, మచ్చ కూడా కనిపించదు" అన్నారు. అసలెందుకు తీయాలో, మందులతో తగ్గుతుందో లేదో ఒక్క మాట లేదు. "రోబో అంటే మంచిదేగా" అంది అక్క.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఇంతమందికీ వేరే దారి లేకపోయిందా? చిన్న గాటు ఎప్పుడూ మేలేనన్నదీ నిజం కాదు. తొలిదశ గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు రంధ్రాల ద్వారా గర్భసంచి తీసినవారిలో, పొట్ట తెరిచి తీసినవారికంటే జబ్బు తిరగబెట్టడమూ మరణాలూ ఎక్కువని 2018లో ఒక అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. 2019లో అమెరికా ఎఫ్‌డిఎ, స్త్రీల కేన్సర్లలో రోబో వాడకం గురించి హెచ్చరించింది.

రెండోసారి వెళ్ళేటప్పుడు అక్క కాగితం మీద రాసుకుంది: ఎందుకు తీయాలి? తీయకపోతే ఏమవుతుంది? అండాశయాలు ఉంచుతారా? డాక్టరు రెండో ప్రశ్న దగ్గర ఆగి, మూడు నెలలు మందులు వాడి చూద్దామన్నారు. తగ్గకపోతే ఆపరేషనే కావచ్చు. రోబోనా, లేజరా అన్నది అప్పుడు అడుగుతాం.